సంపూర్ణ తగ్గింపు

తగ్గింపులో తనను మించినవాడు ఈ భూమండలం మీదే లేడని బట్టల షాపు యజమాని ప్రకటించేశాడు! ప్రకటించింది భార్య ఒక్కదాని ముందే అనుకోండి. ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ "ఊఁ" అంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, చర్చిలో సంఘపెద్ద పదవి ఖాళీ అయింది. పోయిన ఆదివారం పాస్టరుగారు, "దేవుడికి దగ్గర కావాలంటే తగ్గింపు, అంటే వినయం, ఒక్కటే దారి. అది ఎవరిలో ఉంటే వాళ్లే మన పెద్ద. మందిరంలో అందరూ తగ్గే ఉంటారు. మీరు పనిచేసుకునే చోటికే వచ్చి చూస్తాను" అన్నారు. ఆ పదవి కోసం మనవాడు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. పెద్దల కుర్చీ మీద కన్నేసి ఎన్ని ప్రార్థనలు గాలికి వదిలేశాడో ఆయనకే తెలుసు.

తెల్లారేసరికి బోర్డులు రాసేవాణ్ణి పిలిపించాడు.

"అక్షరాలు ఏ సైజులో రాయమంటారు?"

"తగ్గింపయ్యా! వీధి చివరినుంచి కనపడొద్దూ?"

"కింద మీ ఫొటో?"

"నువ్వు అంతగా అడిగితే కాదనలేను. తల వంచుకున్నది వెయ్యి. జుట్టు మాత్రం నల్లగా రావాలి."

మర్నాటికల్లా బోర్డు షాపు నెత్తికెక్కింది: 'ఇక్కడ సంపూర్ణ తగ్గింపు కలదు. అంతా దైవకృప!'

ఆ మాటకు చర్చిలో ఒక అర్థం, బజార్లో ఇంకో అర్థం అని, బజార్లోనే జుట్టు నెరిసిన మనిషికి తట్టలేదు, పాపం! జనం విరుచుకుపడ్డారు.

"సంపూర్ణమంటే, ఊరికేనాండీ?" అని అడిగిందొకావిడ.

"ఊరికేనమ్మా! డబ్బిస్తే వచ్చేదా ఇది?" అన్నాడాయన పొంగిపోతూ.

ఇంకేముంది! తానులు జారాయి. అరలు బోసిపోయాయి. భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏమండోయ్, వీళ్లు పట్టుకుపోతున్నది మీ గుణం కాదు, మన సరుకు!"

ఆయన కేక వేద్దామని నోరు తెరిచాడో లేదో, గుమ్మంలో పాస్టరుగారు! తెరిచిన నోరు అలాగే చిరునవ్వుగా మార్చుకున్నాడు. ఒక కన్ను పదవి మీద, ఒక కన్ను సరుకు మీద. ఆ చిరునవ్వు మోయలేక దవడలు నొప్పెట్టాయి.

ఇంతలో ఒక ముసలావిడ షాపులోకల్లా ఖరీదైన ఉన్ని దుప్పటి చంకలో పెట్టుకుంది.

"మనవరాలు చలికి తట్టుకోలేకపోతోంది బాబూ. నీ కడుపు చల్లగా ఉండాలి."

అంతే! ఆయన ఒక్క ఉదుటున దూకి దుప్పటి లాగేసుకున్నాడు.

"తగ్గను! ఎవరొచ్చి అడిగినా వెంట్రుకవాసి తగ్గను! నేనెవరనుకుంటున్నారు?"

పాస్టరుగారు లోపలికి వచ్చారు. మనవాడు చటుక్కున మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అయ్యగారూ, నేను దుమ్మును, ధూళిని, పురుగును. క్షమించండి!"

"నన్నెందుకండీ? ఆవిడ మీ బోర్డు నమ్మి వచ్చింది. దుప్పటి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ క్షమించమన్న మాటేదో ఆవిడకు చెప్పండి."

ముసలావిడ ఖాళీ చేతులతో, సిగ్గుతో చితికిపోయి నిలబడింది. ఆవిణ్ణి చూస్తే ఆయనకు జాలేసింది, నిజంగానే వేసింది. అయినా ఆ మాట ఆవిడకు చెప్పలేదు. మోకాళ్లు దులుపుకుని లేచి, పాస్టరుగారిని పక్కకు తీసుకెళ్లాడు.

"దేవుడి ముందు ఎంత తగ్గమన్నా తగ్గుతానండీ, ఆయన ఎవరికీ చెప్పడు. మనుషుల ముందు తగ్గితే నా పరువేం కాను?"