బూట్లు తొడిగిన అక్షరాలు

క్రిస్మస్ నాడు ఇరుగుపొరుగును భోజనానికి పిలవాలనుకున్నాడు కృపాదానం. అనుకోవడం సులువే, పిలవడమే ఆయన వల్ల కాని పని. ఇన్నేళ్ళూ పిలుపులన్నీ భార్య కృపమ్మ గోడ మీదుగా ఒక్క కేకతో కానిచ్చేసేది. ఆమె పోయాక ఇది మొదటి పండగ. నరసరావుపేట అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే మనిషికి నోరు పెగలకపోతే ఉన్న దారి ఒక్కటే. కార్డులు అచ్చువేసుకున్నాడు.

అదీ తనకు ప్రాణమైన ఇంగ్లీషు అక్షరాలతో. సన్నగా, కుడివైపుకు వాలి, అడుగున పలకలాంటి పాదాలతో ఉండే ఆ అక్షరాలను మద్రాసు నుంచి తెచ్చిన నాటి నుంచి ఎవరూ కోరలేదు. "లంఖణాలు చేసి లేచినట్టున్నయ్యి. లావుపాటియి వెయ్యవయ్యా" అనేవారు శుభలేఖలకు వచ్చినవాళ్ళు. యుద్ధంతో అక్షరాలు పోతపోసే సీసం బంగారమై కూర్చుంది కనుక, పండగ వెళ్ళగానే వాటిని కరిగించేద్దామన్నాడు యజమాని కోటయ్య. ఈలోగా ఒక్కసారైనా అవి ఎవరినైనా ఇంటికి పిలవాలని కృపాదానం ఆశ.

పండగ పొద్దున్నే కార్డులు తలుపుల సందుల్లో పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి, గబగబా చర్చికి వెళ్ళిపోయాడు.

ఆ వీధిలో తాను తప్ప ఇంగ్లీషు ముక్క తెలిసినవాడు లేడన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. బండి తోలే యల్లమంద కార్డును తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది సాయిబూ, ఇయ్యి ముందుకు వంగి నడుస్తన్నయ్యి?"

పక్కింటి దర్జీ మీరా సాహెబ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "కింద చూడు. ఒక్కోదానికి బూట్లు. మిలిటరీ కాగితం ఇది."

"బళ్ళు పట్టుకుపోతారంటన్నారే, అదా?"

"బళ్ళే కాదు, మిషన్లు గూడా."

ఇంక చెప్పాలా? యల్లమంద ఎడ్లను కట్టి ఎడ్లపాడు దారి పట్టాడు. మీరా సాహెబ్ కుట్టుమిషనును ఆ బండిలోనే ఎక్కించి తానూ ఎక్కాడు. ఎదురింటి ధనలక్ష్మికి అందాల్సిన కార్డు గాలికి ఎటో పోయింది. కార్డు రాకపోవడం ఇంకెంత ప్రమాదమోనని ఆమె మేకల్ని తోలుకుని వెనకే నడిచింది. వాళ్ళను చూసి మిగతా ఇళ్ళూ తాళాలు వేసుకున్నాయి.

కృపాదానం తిరిగి వచ్చేసరికి వీధిలో పిట్ట లేదు. కోడికూర, గారెలు సిద్ధం చేసి, విస్తళ్ళు పరిచి కూర్చున్నాడు. కూర చల్లారిపోయింది. పిలిస్తే ఊరు వదిలి పోయేంత చెడ్డవాణ్ణా అని దిగులుపడ్డాడు. కృపమ్మ కేక గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతుండగా, మరిచిపోయిన తవుడు మూట కోసం యల్లమంద గోడల చాటున వచ్చాడు. "అన్నా, ఈ మిలిటరీ కాగితం నీక్కూడా వచ్చిందా?" అంటూ కార్డు తీశాడు.

వీధి ఎందుకు ఖాళీ అయిందో కృపాదానానికి అప్పుడు అర్థమైంది. "రాలేదు" అన్నాడు.

"నీకెందుకొస్తదిలే. ఒంటిగాడివి, నీ దగ్గరేముందని ఎత్తుకుపోతారు?"

"కూర్చో. అన్నం తిందువుగాని."

యల్లమంద మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ నిష్ఠూరమాడాడు. "వదిన ఉన్నన్నాళ్ళూ ఏ పండగైనా పిలిచేది. నువ్వు ఒక్క మాటన్నా పిలవలేదేందన్నా?"

మర్నాడు కోటయ్య హుషారుగా ఎదురొచ్చాడు. "ఆ సన్నటియి కరిగించమాక. గాలికి కొట్టుకొచ్చిన కార్డొకటి దొరికి బియ్యం మిల్లాయన ఆర్డరిచ్చాడు. ఆటిని చూసి వీధి వీధంతా ఖాళీ అయిందంట గదా."

కృపాదానం ఆ అక్షరాల అర లాగాడు. "మా ఇంటికి రండి" అని పిలిచిన ఆ అక్షరాలతోనే, మిల్లు గేటుకు "లోపలికి రావద్దు" అని ఇంగ్లీషులో కూర్చాడు.

ఈసారి మాత్రం చదవడం రానివాళ్ళు కూడా సరిగ్గానే అర్థం చేసుకున్నారు.