తాతయ్య నేర్పిన ఆట

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లలెవరూ చదవరు. ఆడుకుంటారు!" అని మంత్రిగారు ఒంగోలు సభలో ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. గరిటెలు, గిన్నెలు, సీసా మూతలు, చింతగింజలు, ఇలా ఇంట్లో దొరికే వస్తువులతోనే చదువట. పిల్లలు ఇళ్లలో ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే అయినా, దానికి ప్రభుత్వ అనుమతి లేదన్న లోటు ఆ రోజుతో తీరిపోయింది.

'ఆటే పాఠం' అనే ఈ పథకం ప్రారంభానికి దర్శి దగ్గర సంజీవరావు ఊళ్లోని అంగన్‌వాడీ ఎంపికైంది. సంజీవరావు మండల పార్టీ అధ్యక్షుడు, మిర్చి రైతు. మూడు పార్టీలు మారినా కండువా వేసుకునే భుజం మార్చని నిలకడ గల మనిషి. మార్కెట్ యార్డు చైర్మన్ కావాలన్నది ఆయన జీవితాశయం. పదవి వస్తే ప్రజలకు సేవ చేస్తానని ఊరందరికీ చెబుతాడు, రాకపోతే చెయ్యనని ఇంట్లో చెబుతాడు. తనమీద ఆయనకు అపారమైన గౌరవం. పంచుకోవడానికి ఇంకో మనిషే ఇంతవరకూ దొరకలేదు. మంత్రిగారి రాకతో ఆ కొరతా తీరుతుందని ఆయన గట్టిగా నమ్మాడు.

ప్రారంభానికి ముందురోజు వెళ్లి చూస్తే, అంగన్‌వాడీ టీచర్ సంతోషకుమారి చాప మీద సొట్టగిన్నెలు, మూతలు పరిచి ఉంచింది.

"ఏంటమ్మా ఈ తుక్కు?"

"పిల్లలు రోజూ ఆడుకునేవేనండీ. ఇళ్లనుంచి తెచ్చుకున్నారు."

"మంత్రిగారికి సొట్టగిన్నెలు చూపిస్తావా? ఇంట్లో దొరికే వస్తువులంటే షాపులో కొనాలమ్మా!"

సాయంత్రానికి కొత్త స్టీలు సామాను దిగింది. స్టిక్కర్లు ఊడిపోతాయని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. పిల్లలంతా చేతులు కట్టుకుని కూర్చుని, చీకటిపడేదాకా ఆడుకోవడం ప్రాక్టీసు చేశారు.

"అన్నా, మన ఊరి పిల్లలు టీవీలో కంటికి ఆనరేమో," అన్నాడు సంజీవరావు వెంట తిరిగే వీరబాబు. సంజీవరావుకూ అదే అనుమానం. అందుకని దర్శి కాన్వెంటునుంచి బూట్లూ టైలూ వేసుకున్న పిల్లల్ని బస్సులో రప్పించి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. ఊరి పిల్లలు వెనక్కి జరిగారు. ఆ కాన్వెంటులోనే ఎల్‌కేజీ చదివే ఆయన మనవరాలు భానుశ్రీ ఆ ఒక్కరోజుకీ అంగన్‌వాడీ పిల్ల అయింది.

స్థానికత కూడా ఉట్టిపడాలని సంజీవరావు తన కల్లంనుంచి ఎండుమిరపకాయలు తెప్పించి కుప్ప పోయించాడు. పక్కనే ఒక ఖాళీ గోనెసంచి పెట్టించాడు.

"మిరపకాయలు వద్దండీ. పసివాళ్లు, కళ్లు నలుపుకుంటారు," అంది సంతోషకుమారి.

"మిర్చి పండే ఊళ్లో ఉండి మిరపకాయకి భయపడతావేంటమ్మా? అయినా అవి చూడ్డానికేలే."

మర్నాడు మంత్రిగారు వచ్చారు. ముందు వరసలో ఒక పిల్లవాడి బుగ్గ గిల్లి, "ఏదీ, ఆడుకో నాన్నా," అన్నారు. వాడు లేచి నిటారుగా నిలబడ్డాడు.

"ఏ పేజీ సార్?"

"డిసిప్లిన్ సార్," అన్నారు పక్కనున్న ఆఫీసరుగారు.

కెమెరాలు ఎదురుచూస్తున్నాయి. ఇదే అదనని సంజీవరావు మనవరాల్ని ముందుకు తోశాడు. "మా మనవరాలు సార్. ఈ సెంటర్లోనే పెరిగింది."

భానుశ్రీ స్టీలు గరిటెల వంక కూడా చూడలేదు. తిన్నగా వెళ్లి మిరపకాయల కుప్ప దగ్గర చతికిలబడింది. ఫొటో బాగుంటుందని మంత్రిగారూ పక్కన కూర్చుని రెండు చేతులూ కుప్పలో పెట్టారు. పిల్ల చకచకా ఎర్రటి కాయలు ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయలు ఇంకో పక్కకి ఏరింది.

"క్లాసిఫికేషన్ సార్!" అన్నారు ఆఫీసరుగారు.

సంజీవరావు ఛాతీ పొంగింది. చైర్మన్ కుర్చీకి ఏ రంగు తువ్వాలు వేయించాలా అని కూడా ఆలోచించాడు. ఇంతలో భానుశ్రీ గోనెసంచి మూతి మంత్రిగారి చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో," అంది. ఆయన పట్టుకున్నారు. తాలుకాయలన్నీ ఎత్తి అడుగున పోసింది. వాటిమీద ఎర్రటి కాయలు పోసి, అరచేత్తో చదును చేసింది.

"తెల్లవి అడుగున ఎందుకు పోశావమ్మా?" అని అడిగారు మంత్రిగారు.

"పైన పోస్తే కనబడతాయి కదా!"

"మరి పారెయ్యొచ్చుగా?"

"పారేస్తే తూకం రాదు."

"ఎవరు నేర్పారు తల్లీ?"

"మా తాతయ్య!"

ఈ పిల్లకి చదువు మీద ఇంత శ్రద్ధ ఉందని ముందే తెలిస్తే కల్లం ఛాయలకి రానిచ్చేవాణ్ణి కాదే అనుకున్నాడు సంజీవరావు. మంత్రిగారు సంచి వంక చూశారు. ముందు వరసల్లోని బూట్ల వంక, వెనక వరసల్లోని ఉత్తకాళ్ల వంక చూశారు. ఏదో ఆలోచిస్తూ నుదుటి చెమట తుడుచుకున్నారు. చెయ్యి కంటికి తగిలింది.

బొటబొటా నీళ్లు కారాయి.

"మంత్రిగారు ఏడుస్తున్నారు!" అని అరిచాడొక విలేకరి. నాయకుడు ఏడుస్తుంటే కార్యకర్త పొడికళ్లతో నిలబడితే ఇంకేం క్రమశిక్షణ? సంజీవరావు వంగి, గుప్పెడు మిరపకాయలు నలిపి రెండు కళ్లూ రుద్దుకున్నాడు. వెనకే వీరబాబు, ఆ వెనక ఆఫీసరుగారు. తక్కినవాళ్లు తమ వంతు కోసం వరసలో నిలబడ్డారు. "కళ్లు నలుపుకోగూడదు, ముందు చేతులు కడుక్కోవాల!" అని వెనకనుంచి ఊరి పిల్లలు అరిచారు. సంతోషకుమారి సొట్టగిన్నెలతో నీళ్లు తెచ్చి అందరి మొహాలూ కడిగించింది.

మర్నాడు పేపర్లో 'చిన్నారి ఆటకు చలించిన మంత్రి' అని వచ్చింది. పక్కన వెక్కివెక్కి ఏడుస్తూ సంజీవరావు. ఆ ఫొటో కత్తిరించి ఫ్రేము కట్టించాడు. కొన్నాళ్లకి మంత్రిగారే స్వయంగా ఫోన్ చేశారు.

"సంజీవరావ్, యార్డు కమిటీ వేశామయ్యా."

"మీ దయ సార్!"

"చైర్మన్‌గా ఏసుబాబు మాస్టారుని పెట్టాం."

అద్దంకిలో రిటైరైన లెక్కల మాస్టారు ఏసుబాబు. ఒకరి దగ్గర కాఫీ తాగాడని శత్రువులు కూడా అనరు. మిరపకాయని పచ్చట్లో తప్ప చూడలేదు.

"మరి నేను సార్?"

"నువ్వూ ఉన్నావు, ఆఖర్న. మనవాళ్లంతా అక్కడే ఉన్నారు."

"ఆఖర్నా? ఇన్నేళ్లు జెండా మోశాను సార్..."

"మాస్టారు పైన కనబడితే చాలు. తూకమంతా మీదేనయ్యా. ఇంకా విడమర్చి చెప్పాలా? నీ మనవరాలు నయం!"

ఫోన్ పెట్టేసి సంజీవరావు అరుగు మీద కూలబడ్డాడు. మూతలు పేర్చుకుంటున్న భానుశ్రీ వచ్చి ఆయన చేతులు పట్టుకుని వాసన చూసింది.

"మిరపకాయలు ముట్టుకున్నావా తాతయ్యా?"

"లేదమ్మా."

"మరి కళ్లెందుకు నలుపుకుంటున్నావ్?"