మూలకుళంలో దేశం గుండ్రాన్ని కొలిచిన సంగతి

దేశాల ఆర్థిక వ్యవస్థలు ఎంత గుండ్రంగా ఉన్నాయో కొలవాలని పెద్దలు తీర్మానించినారు. వాడిన వస్తువు చెత్తలోకి పోవాలి, చెత్తలోంచి మళ్లీ వాడుకలోకి రావాలి. ఎంత ఎక్కువ తిరిగొస్తే దేశం అంత గుండ్రం. దేశమంతా తిరగడం కష్టం గనక పుదుచ్చేరిని, పుదుచ్చేరిలో మూలకుళాన్ని, మూలకుళంలో నలభై ఇండ్లను ఎంపిక చేసినారు. పద్ధతి చాలా శాస్త్రీయం.

ఆ కొలిచే పనిలో అలివేలుమంగ కూతురు మనోజ్ఞకు ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది. దొరికిన దినంనుంచే అది ఊడిపోతుందని తల్లికి దిగులు. ఫోను మోగితే ఊడిందనుకునేది. మోగకపోతే, ఊడిన సంగతి చెప్పలేక పిల్ల ఫోను ఆపేసిందనుకునేది.

ఐదో నెలలో ఆ దిగులుకు ఆధారం దొరికింది. నలభై ఇండ్లలో వాళ్ల ఒక్క ఇంటికే సున్నా వచ్చింది.

ఫారంలో రెండే గడులు. ఈ నెల ఎంత బరువు పారేసినారు? అందులో ఎంత తిరిగొచ్చింది? అలివేలుమంగకేమో పారేసే అలవాటే లేదు. మొగుడి పాత పంచె ఇడ్లీగుడ్డ అయ్యేది, అది చిరిగితే మసిగుడ్డ. చీరలు బొంతలయ్యేవి. కూరగాయల తొక్కలు అరటిచెట్టుకు పోయేవి. ఏదీ వాకిలి దాటలేదు గనక ఏదీ తిరిగి రాలేదు. ఎదురింటి లోగనాయకి మాత్రం దినానికి నాలుగు పార్సిళ్లు తెప్పించి, నాలుగు అట్టపెట్టెలు పాతసామాన్ల కాళియప్పన్‌కు వేసేది. ఆమెకు ఎనభైరెండు మార్కులు, గేటుకు ‘ఆదర్శ గృహం’ అని ప్లాస్టిక్ పలక.

“ఏం అక్కా, మీ ఇల్లు దేశాన్ని వెనక్కి లాగతా ఉందంట?” అని ఆమె గేటు దగ్గర నిలబడి పరామర్శ కూడా చేసింది.

అధికారి పురుషోత్తమన్ గారు స్వయంగా వచ్చి, కాఫీ తాగి, విషయం విశదపరచినారు. “అమ్మా, మీ పొదుపును మేము గౌరవిస్తాం. కానీ కొలవలేం. కొలవలేనిది దేశంలో లేనట్టే లెక్క. కొలిచే అమ్మాయి ఇంటికే సున్నా వస్తే, ఆమె ఉద్యోగం పొడిగించమని నేను ఏ ముఖంతో రాసేది?”

అలివేలుమంగకు పిల్ల ఉద్యోగం పోయినట్టు, పిల్ల అన్నం మానేసినట్టు, దేశాన్ని లాగినందుకు పోలీసులు తలుపు తట్టినట్టు కూడా కళ్లకు కట్టింది.

తెల్లారగానే బొంత తీసుకుపోయి చెత్తడబ్బాలో పెట్టింది. పొరపాటున పడిందనుకుని కాళియప్పన్ తెచ్చిస్తే ఆమె తీసుకోలేదు. “ఊరికే ఇస్తే ఎట్ల నాయనా? తూకం వేసి, చీటీ రాసి, అప్పుడు తెచ్చియ్యి.”

బొంత ఆటోలో మురుంగపాక్కం గోదాముకు పోయి, చీటీతో తిరిగొచ్చింది. రెండు గడులూ నిండినాయి. తర్వాత ఇత్తడి బిందెలు పోయొచ్చినాయి. బరువే ముఖ్యమని తెలిసినాక రుబ్బురోలు నాలుగుసార్లు పోయొచ్చింది. ఆటో పొగకు ఫారంలో గడి లేదు. మొగుడు మునుస్వామి కుర్చీ బుధవారాలు ఇంట్లో ఉండేది కాదు. ఆయన నిలబడి పేపరు చదవడం అలవాటు చేసుకున్నాడు.

మనోజ్ఞ చీటీలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే సరిచూసింది. “తూకం తప్పు లేదమ్మా, చీటీ తప్పు లేదు. తప్పు యాడుందో నాకే తెలియడం లేదు” అని నూటికి నూరు వేసింది.

సభ జరిగింది. అలివేలుమంగకు ప్లాస్టిక్ చుట్టిన పూలగుత్తి ఇచ్చినారు. ఒక రుబ్బురోలు భారతదేశానికి దారి చూపిందని పురుషోత్తమన్ గారు గద్గద స్వరంతో సెలవిచ్చినారు. మనోజ్ఞ ఉద్యోగం ఏడాది పొడిగించినారు, చిన్న షరతుతో: ఆ ఇంటి బరువు నెలనెలా పదిశాతం పెరగాలి.

ఇంట్లో అన్నీ తిరిగేసినాయి, మునుస్వామి తప్ప. అలివేలుమంగకు మళ్లీ దిగులు పట్టుకుంది. సిగ్గు విడిచి లోగనాయకి దగ్గర ఫోనులో సామాన్లు తెప్పించడం నేర్చుకుంది. మూడోనాడు పెద్ద పార్సిల్ వచ్చింది. విప్పకుండానే దాన్ని ఈడ్చుకుంటూ చెత్తడబ్బా దాకా పోతా ఉంటే మునుస్వామి అడిగినాడు.

“ఏందే అది?”

“ఎవురికి తెలుసు? బరువు చూసి తెప్పించినా. పారేసేదానికి లోపల ఏముంటే ఏంది?”

ఆ నెలతో ఆ ఇల్లు అభివృద్ధి చెందిన దేశాల సరసన చేరిందని నివేదికలో రాసినారు. అందులో మాత్రం అబద్ధం లేదు.