వంకాయరంగు కండువా

ఆ రోజు ఉదయం రామభద్రరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక పెసరట్టు తినాలి, వంకాయ పార్టీని తిట్టాలి, ఇంకో పెసరట్టు తినాలి. సాయంత్రం ఏడు గంటలకు టీవీలో ఎన్నికల చర్చ ఉంది. అక్కడ తిట్టవలసినవన్నీ అట్లు వేగేలోగా వంటింట్లో ఒకసారి తిట్టి చూసుకుంటే, రాత్రి నాలుక తడబడదని ఆయన నమ్మకం. పెనం ముందు నిలబడ్డ భార్య శేషారత్నం వారం రోజులుగా వంకాయ పార్టీ తరఫున ఆ తిట్లన్నీ తింటోంది.

వంకాయ పార్టీకి పేపర్లలో రాసే పొడుగాటి పేరు ఒకటుంది. రామభద్రరావు పార్టీకీ ఉంది. కానీ ఏ.ఎస్. రావు నగర్‌లో ఎవరికీ అంత పేర్లు పలికే ఓపిక లేదు. కండువా రంగును బట్టి అది వంకాయ పార్టీ, ఇది గంధం పార్టీ.

"మురుగు పొంగి వార్డు వార్డంతా మునిగితే మీరు చేసిందేమిటి? సూటిగా అడుగుతున్నా, చెప్పండి" అన్నాడాయన, అట్టు ముక్కను వేలిలా చూపిస్తూ.

"నేనేం చేశానండీ. ఉల్లిపాయలు వేశాను" అంది శేషారత్నం.

"అలా కాదే. నువ్వు వంకాయ పార్టీ. కోపం తెచ్చుకో."

"పొద్దున్నే కోపం ఎక్కణ్ణించి తెచ్చుకోను? అవునుగానీ, వారం నుంచి వింటున్నాను. వాళ్ళను తిట్టడమేగానీ మనం వస్తే ఏం చేస్తామో ఒక్క ముక్క లేదేం? అసలు మన పార్టీ పేరే రాలేదు."

"అది ఎవరూ అడగరు. అడిగినా చెప్పనివ్వరు. చర్చంటే అదే మరి."

ఆమె అట్టు తిరగేసింది. ఆయనకు ఆ రోజెంత ముఖ్యమో ఆమెకు తెలుసు. తణుకు నుంచి వచ్చి స్విచ్చులూ ఫ్యాన్లూ అమ్మే కొట్టు పెట్టుకున్న నాటి నుంచి ఆయన గంధం పార్టీ జెండా మోస్తున్నాడు. ప్రతి ఎన్నికలోనూ వార్డు టికెట్ ఇస్తామంటారు. తీరా సమయానికి అవతలి పార్టీ నుంచి ఎవరో దూకి వస్తారు, టికెట్ వాళ్ళకు పోతుంది. "దూకితేనే టికెట్ వచ్చేట్టుంది, మీరూ ఓసారి దూకి రండి" అని ఆమె ఒకసారి వేళాకోళం చేస్తే ఆయన రెండు పూటలు అన్నం తినలేదు. మెడలో కండువా మార్చని మనిషినని చెప్పుకోవడం తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. ఈసారి నగర అధ్యక్షుడు ధర్మరాజు స్వయంగా చెప్పాడు: "చర్చ చూస్తాను. గట్టిగా నిలబడితే టికెట్ మీదే."

అంతలో వేలిలా చూపించిన అట్టు ముక్క జారింది. దాని మీద ఉన్న అల్లం పచ్చడితో సహా గంధం కండువా మీద పడింది.

"అయ్యో" అంది శేషారత్నం. "ఉన్నది అదొక్కటే. ఇటివ్వండి, ఉతికి ఆరేస్తాను."

"కంగారు పడకు. స్టూడియోలో మేకప్ గది కొక్కేలకు అన్ని పార్టీల కండువాలూ వేలాడుతుంటాయి. పొద్దున ఒక పార్టీలో బయల్దేరి సాయంత్రానికి ఇంకో పార్టీలో దిగేవాళ్ళుంటారు కదా, వాళ్ళ కోసం."

మధ్యాహ్నం మబ్బు పట్టింది. కండువా ఆరలేదు. ఆయన పాయింట్లు గొణుక్కుంటూ ఆటో ఎక్కి వెళ్ళిపోయాక, పడకగదిలో ఫోను మోగింది. వెళ్ళి చూస్తే ఆయన ఫోనే, ఛార్జింగులో పెట్టి మర్చిపోయాడు. శేషారత్నం దాన్ని తెచ్చి టీవీ పక్కన పెట్టుకుంది.

ఏడింటికి కింది వాటాలో ఉండే కమలాబాయి చిక్కుడుకాయల గిన్నెతో పైకి వచ్చింది. ఆమెకు వీధి మలుపులో కూరగాయల కొట్టు ఉంది. ఈనెలు తీస్తూ చర్చ చూస్తే రెండు పనులవుతాయని ఆమె లెక్క.

తెర మీద మంటలు లేచాయి. వాటిలోంచి చర్చ నడిపే విష్ణువర్ధన్ నడిచి వచ్చి, ఈ రాత్రితో ప్రజాస్వామ్యం తాడోపేడో తేలిపోతుందని చెప్పాడు. నిన్న రాత్రి కూడా అదే చెప్పాడు. తర్వాత ఎడమవైపు గడిలో వంకాయ పార్టీ ప్రతినిధి దయాకర్ కనిపించాడు. కుడివైపు గడిలో రామభద్రరావు కనిపించాడు. దీపాలు మెరుస్తాయని అక్కడివాళ్ళు కళ్ళద్దాలు తీయించినట్టున్నారు. మెడలో మాత్రం నిగనిగలాడే వంకాయరంగు కండువా ఉంది.

కమలాబాయి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏందక్కా, సారు గా పార్టీల ఎప్పుడు కలిసిండు?"

"టీవీలో రంగు పాడైనట్టుంది" అంటూ శేషారత్నం రిమోటు తీసుకుని రంగులు తగ్గించింది. విష్ణువర్ధన్ ముఖం పాలిపోయింది గానీ కండువా మాత్రం వంకాయరంగులోనే నిలబడింది.

రామభద్రరావుకు ఇదేమీ తెలియదు. కళ్ళద్దాలు లేకపోతే ఆయనకు తన బొజ్జే ఆనదు, దాని మీది గుడ్డ రంగు ఎక్కడ ఆనుతుంది? వంటింట్లో తిట్టినవన్నీ వరసగా అందుకున్నాడు. మురుగన్నాడు, వీధి దీపాలన్నాడు, వంకాయ పార్టీ పాలనలో ప్రజలకు వంకాయ తొడిమ కూడా దక్కలేదన్నాడు. విష్ణువర్ధన్ ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం పండగ వచ్చినవాడిలా వెలిగిపోయాడు.

"అంటే సొంత పార్టీనే నిలదీస్తున్నారు. ఇంత ధైర్యం ఈ వేదిక మీదే మొదటిసారి చూస్తున్నాం. నిలదీస్తున్నారా, లేదా?"

అప్పటికే దయాకర్ కూడా అరుస్తున్నాడు కాబట్టి రామభద్రరావుకు ఆఖరి ప్రశ్నే వినిపించింది. "నిలదీస్తున్నా" అన్నాడు బల్ల గుద్ది.

తెర అడుగున ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి: వంకాయ పార్టీలో తిరుగుబాటు.

దయాకర్‌కు ఏడుపొక్కటే తక్కువ. "గీ సారెవరో నాకు తెల్వదు. నన్ను తీసేస్తే చెప్పి తీసెయ్యాలె గని, గిట్ల నా ముంగటనే ఇంకో మనిషిని కూసోపెడ్తరా?" అని తన అధ్యక్షుణ్ణి తలుచుకుని కెమెరాతో మొరపెట్టుకున్నాడు.

ఫోను మోగింది. ధర్మరాజు.

"ఏమ్మా, మీవారు ఎప్పుడు మారారు?"

"మారలేదండీ. పచ్చడి పడితే మన కండువా ఉతికి ఆరేశాను, అది ఇంకా..."

"కండువా ఒక్కటే కాదమ్మా, మమ్మల్నీ ఉతికి ఆరేశారు" అని ఆయన పెట్టేశాడు.

ఆమె ఫోను కింద పెట్టకముందే మళ్ళీ మోగింది. ఈసారి వంకాయ పార్టీ నగర అధ్యక్షుడు పర్వతాలు.

"అమ్మా, నమస్తే. సారు మన పార్టీల ఉన్నట్టు నాకే తెల్వదు, తప్పు నాదే. ఏం తక్లీఫ్ ఉన్నా కూసొని మాట్లాడుకుందాం. టీవీల ఎందుకమ్మా?"

"అయ్యో, అదేం లేదండీ. ఆయన రానివ్వండి, మాట్లాడిస్తాను."

"అంటే టికెట్ సంగతే కద. సమజైంది, ఇస్తం."

"టికెట్ సంగతి నాకేం తెలుసండీ?"

"మస్తు హుషారున్నవు తల్లీ" అన్నాడు పర్వతాలు గౌరవంగా.

అదే సమయానికి తెర మీద దయాకర్ తన కండువా కొస పట్టి ఊపుతూ, "మెడల గీ కండువ ఏస్కొని గిట్ల మాట్లాడనీకె సిగ్గనిపిస్తలేదా?" అని అడిగాడు. రామభద్రరావు తల వంచి, తన మెడలోని గుడ్డను కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మెడ మీద పాము పడ్డవాడిలా దాన్ని లాగి నేలకు కొట్టాడు. "నేను ఈ పార్టీ కాదు" అన్నాడు.

"ప్రత్యక్ష ప్రసారంలో రాజీనామా" అన్నాడు విష్ణువర్ధన్. ఆ తర్వాత రామభద్రరావు పెదవులు చాలాసేపు కదిలాయి గానీ అందరికీ విష్ణువర్ధన్ గొంతే వినిపించింది. కండువా నేల మీద పడే దృశ్యాన్ని మెల్లగా చూపించారు, దగ్గరగా చూపించారు, వెనక్కు తిప్పి చూపించారు. అలా తిప్పినప్పుడు అది నేల మీది నుంచి లేచి తనంతట తానే ఆయన మెడలో పడింది.

పర్వతాలు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో గాభరా ఉంది. "అమ్మా, గంత పరేషాన్ జెయ్యకుండ్రి. సచ్ జెప్పు, మీ దిక్కు ఎంతమంది ఉన్నరు?"

"మేమిద్దరమేనండీ" అంది శేషారత్నం.

"ఇద్దరా. సారు గాక?"

ఆమె జవాబు చెప్పేలోగా అవతల ఎవరితోనో, "ఇంకో ఇద్దరు కూడ పోతున్నరంట, ఎవరో పట్టుండ్రి" అన్న మాటలు వినిపించి ఫోను ఆగిపోయింది. కొద్దిసేపటికే ఎర్ర అక్షరాలు రామభద్రరావు వెంట మరో ఇద్దరు ముఖ్యులు వెళ్తున్నారని చెప్పాయి.

"నేనూ ముఖ్యురాలినేనా?" అంది శేషారత్నం.

"గా రెండోది ఎవరో మరి" అంది కమలాబాయి, ఈనెలు తీస్తూ.

తర్వాత ధర్మరాజు. గొంతు నిండా తేనె. "అమ్మా, వంకాయ పార్టీకి రాజీనామా చేసి మీవారు సొంత గూటికి తిరిగి వస్తున్నందుకు సంతోషం. ఇప్పుడే ప్రకటన ఇచ్చాం. వచ్చేవాళ్ళకు టికెట్ ఇవ్వడం మన ఆనవాయితీ. రేపు పదింటికి కండువా కప్పుతాం."

"ఆయన వెళ్ళందే తిరిగి రావడమేమిటండీ?"

"అదే ఆయన గొప్పతనం" అన్నాడు ధర్మరాజు.

రామభద్రరావు ఇల్లు చేరేసరికి వీధి గేటు దగ్గర మైకులు కాచుకుని ఉన్నాయి. వెనక సందులోంచి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. జరిగింది అప్పుడు చెప్పాడు. మేకప్ చేసే ఆయన ముఖానికి పౌడరు అద్దుతూ, కండువా ఏ పార్టీది వేయమంటారని అడిగాడట. ఈయన కళ్ళు మూసుకుని పాయింట్లు వల్లె వేస్తున్నాడు. వాటి నిండా వంకాయ పార్టీ, వంకాయ పార్టీ తప్ప ఇంకో పేరు లేదు. పాపం ఆయన, ఎవరైనా తమ పార్టీ పేరే ఇంత భక్తిగా తలుచుకుంటారనుకుని, ఆ కండువానే కప్పాడు.

"ఇప్పుడేమైందండీ?" అంది శేషారత్నం. "రెండు పార్టీలూ టికెట్ ఇస్తామంటున్నాయి. పర్వతాలుగారు ఆగిపొమ్మంటున్నారు. ధర్మరాజుగారు తిరిగి రమ్మంటున్నారు."

"సారు, నోరు మూస్కొని ఏదో ఒకటి తీస్కోండ్రి" అంది కమలాబాయి. "మన గల్లీల మోరీలైతె సాఫ్ అయితయి."

రామభద్రరావు ఇన్నేళ్ళుగా అడిగిన టికెట్టు అది. ఊరికే ఉంటే చాలు, వచ్చేస్తుంది. "తిరిగి వచ్చానని ఒప్పుకుంటే, వెళ్ళానని ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు చివరికి.

శేషారత్నం ఆయన ముఖం చూసింది. ఆ మురుగు మోరీ బాగుపడుతుందని తనకూ ఆశ ఉంది. "ఒప్పుకున్నట్టేనండీ" అంది.

"మరి నేను వెళ్ళలేదే."

"వెళ్ళలేదని నాకు తెలుసు. కిందికి వెళ్ళి వాళ్ళకు చెప్పి రండి. అద్దాలు పెట్టుకుని వెళ్ళండి."

ఆయన గేటు దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అట్టు దగ్గర మొదలుపెట్టి మేకప్ గది దాకా చెప్పాడు. తాను ఎప్పుడూ వంకాయ పార్టీలో చేరలేదనీ, అందుకని రాజీనామా చేయలేదనీ, గంధం పార్టీని వదల్లేదనీ, అందుకని తిరిగి రాలేదనీ చెప్పాడు. ఆ ఎన్నికల్లో టీవీ కెమెరా ముందు ఒక మనిషి అబద్ధం లేకుండా అంతసేపు మాట్లాడింది అప్పుడే. మైకులు పట్టుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దీని వెనక పెద్ద వ్యూహమే ఉందని ఒకాయన కెమెరా వైపు తిరిగి చెప్పాడు.

మర్నాడు పొద్దున రెండు ఉత్తర్వులు ఫోనులోకి వచ్చాయి. తమ కండువాను మోసంతో ధరించి, బతిమాలినా ఆగనందుకు పర్వతాలు ఆయన్ను వంకాయ పార్టీ నుంచి బహిష్కరించాడు.

"సభ్యుడే కాని మనిషిని ఎలా తీసేస్తారండీ?" అంది శేషారత్నం.

"తీసేశాక సభ్యుణ్ణి కాకుండానే పోతానుగా. లెక్క సరిపోయింది" అన్నాడు రామభద్రరావు నీరసంగా.

రెండో ఉత్తర్వు ధర్మరాజుది. తిరిగి వచ్చాడని పార్టీ అధికారికంగా ప్రకటించాక, రాలేదని చెప్పడం క్రమశిక్షణారాహిత్యం. అందుకని గంధం పార్టీ నుంచి కూడా బహిష్కరణ. వార్డు టికెట్ విష్ణువర్ధన్‌కు ఇచ్చారు. చర్చ మొత్తం మీద ప్రజలకు స్పష్టంగా వినబడింది ఆయన గొంతొక్కటేనని ధర్మరాజు కారణం చెప్పాడు. మోరీల గురించి విష్ణువర్ధన్ ఏమంటాడని కమలాబాయి అడిగింది. సూటిగా అడుగుతానంటాడని శేషారత్నం చెప్పింది.

ఆమె బాల్కనీలోంచి గంధం కండువా తెచ్చి మడత పెట్టింది. ఆయన దాని వంక చూడలేదు. పెసరట్టు ముందు పెట్టినా ముట్టలేదు. "జీవితంలో ఒక్కసారి కూడా మారనివాణ్ణి. మారనందుకు తీసేశారు" అన్నాడు.

"మారనందుకు కాదండీ. మారలేదని చెప్పినందుకు" అంది శేషారత్నం. ఆ మాటతో ఆయనకు కొంచెం నవ్వొచ్చింది. అట్టు తుంచాడు.

అప్పుడు చానెల్ నుంచి ఫోను వచ్చింది. విష్ణువర్ధన్ పోటీకి దిగుతున్నాడు కాబట్టి కొత్త మనిషి చర్చ నడుపుతాడట. రామభద్రరావు రోజూ ఏడింటికి వచ్చి మధ్య గడిలో కూర్చోవాలట. పేరు కింద స్వతంత్ర రాజకీయ విశ్లేషకులు అని వేస్తారట.

"నేను స్వతంత్రుణ్ణని జనం నమ్మొద్దూ?" అన్నాడు రామభద్రరావు.

"మీరు గాక ఇంకెవరున్నరు సార్" అన్నారు అవతలి నుంచి.

అదీ నిజమే. తమవాడు కాదని రెండు పార్టీలూ సంతకం పెట్టి మరీ ధ్రువీకరించిన మనిషి జంటనగరాల్లో అప్పటికి ఆయన ఒక్కడే.