మునిగిన క్రిస్మస్ చెట్టు

ఈస్టర్‌కు ముందు, మాంసం మానే తపస్సుకాలంలో శుక్రవారమంటే అమెరికాలో కెంటకీలోని ఆ సరస్సు ఒడ్డు ఊరికి చేపల వేపుడు రోజు. సాయంత్రం చర్చి హాల్లో పెద్ద మూకుడు ముందు ఏప్రన్ కట్టుకుని నిలబడేది డెల్బర్ట్. ఇంట్లో భార్య ఎర్లీన్‌తో వేగడం, హాల్లో చేపలు వేపడం, ఆయన జీవితంలో చెప్పుకోదగ్గవి ఈ రెండే. మొదటిదాన్ని ఎవరూ గుర్తించలేదు కాబట్టి రెండోదాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

పోయిన వారం ఎవరో ఆ వేపుడు డబ్బా చేపలా ఉందన్నారు. డబ్బా చేపే. అయినా డెల్బర్ట్‌కు పౌరుషం వచ్చింది. వచ్చే శుక్రవారం తన చలవతో ఊరంతా ఈ సరస్సు చేపే తింటుందని, లేకపోతే ఏప్రన్ విప్పి బావమరిది వర్జిల్‌కు ఇచ్చేస్తానని అందరి ముందూ అనేశాడు. వర్జిల్ అక్కడికక్కడే నడుం కొలుచుకున్నాడు. మూకుడు చేజారితే తానూ మూకలో ఒకడేనన్న సంగతి డెల్బర్ట్‌కు ఇంటికొచ్చాక తట్టింది.

ఆధారం లేకపోలేదు. పండగ అయ్యాక ఊరు పారేసిన క్రిస్మస్ చెట్లను, తమ ఇంటి చెట్టుతో సహా, పోగుచేసి, సిమెంటు ఇటుకలు కట్టి, ఉత్తరపు పాయలో రహస్యంగా ముంచి ఉంచాడు. వసంతంలో నీళ్లు కాస్త వెచ్చబడగానే క్రాపీ చేపలు, పెనంలో సరిగ్గా పట్టేవి, అలాంటి కొమ్మల్లోనే కాపురం పెడతాయి. ఊళ్లో ప్రతివాడికీ ఇలాంటి మునిగిన తోట ఒకటి ఉంటుంది. దాని జాడ పెళ్లానికి కూడా చెప్పరు. అందుకే ప్రతివాడి కళ్లూ పక్కవాడి పడవ మీదే.

శుక్రవారం ఉదయం పథకం సులువైనది. ముందు నడిసరస్సులో, చేపపిల్ల కూడా తిరగని బోడి చోట కాసేపు నటించాలి. వెంటపడినవాళ్లు అక్కడ లంగరు దించగానే మెల్లగా పాయలోకి జారుకోవాలి. నటనకు కావలసిన సామగ్రిని ఫ్రీజర్లోంచి తీస్తుండగా ఎర్లీన్ చూసింది.

"చేపలు పట్టడానికి చేపను తీసుకెళ్తున్నావేంటయ్యా?"

"ఎర," అన్నాడు డెల్బర్ట్.

ఎర్లీన్ ముందు ఏ ఎరా పారదు. ఆమె ఫ్రీజర్ తలుపు మరీ మెల్లగా మూసింది. ఆయనకు భయం వేసింది అందుకే.

నటన కుదిరింది. కొంప ముంచింది కూడా ఆ కుదరడమే. గాలపు కర్ర వంచాడు, ఆయాసపడ్డాడు, చేపను పైకెత్తి మెచ్చుకుని పడవలోని తొట్టిలో వేశాడు. వంగి చాటుగా మళ్లీ గాలానికి తగిలించాడు. మళ్లీ అదే చేప, అదే మెచ్చుకోలు. బాస్ చేప తప్ప మరోదాన్ని చేపగా లెక్కచేయని వర్జిల్ కూడా దుర్భిణీలో ఇది చూసి వచ్చేశాడు. వర్జిల్ వెనక ఊరు వచ్చింది. పడవలు ఎంత ఒత్తుకున్నాయంటే, ఒకరి కాఫీ ఫ్లాస్కు చేతులు మారుతూ సరస్సు మధ్య ఊరేగింది. డెల్బర్ట్ ఎటు కదిలితే అందరూ అటే. జారుకుందామంటే సందు లేదు, ఆపుదామంటే అనుమానం. పాపం, ఆ ఒక్క చేపనే పడుతూ కూర్చున్నాడు.

చివరికి చేపల వేట మీద నిఘా ఉంచే సర్కారు అధికారి, గేమ్ వార్డెన్ నడీన్ పడవ వచ్చింది.

"రోజుకిన్ని చేపలని చట్టం ఒప్పిన లెక్క మీరెప్పుడో దాటేశారని మీ బావమరిది ఫోన్ చేశాడు, డెల్బర్ట్ గారూ. తొట్టి తెరవండి."

ఆమె తొట్టిలో ఉన్న ఒక్క చేపను తీసి పడవ అంచుకు తట్టింది. చెక్కలా మోగింది.

"ఇది పోయి చాన్నాళ్లయింది. మీకు నా సానుభూతి."

ఆ మాట కాఫీ వెళ్లిన దారినే పడవ పడవకూ వెళ్లింది. ఊరంతా కలిసి ఆయన్ని ఒడ్డుదాకా సాగనంపింది. గాలం వేసినవాడికి గాలే మిగిలింది.

సాయంత్రం హాల్లో నూనె కాగుతోంది, చేప లేదు. వర్జిల్ చేయి చాపాడు.

"విప్పు బావా. ముడి నేనే వేసుకుంటాలే."

డెల్బర్ట్ నడుం వెనక ముడి కోసం తడుముకుంటుండగా, పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఫాదర్ ఆన్సెల్మ్ రెండు బకెట్లతో లోపలికొచ్చారు. నిండా క్రాపీలు. పొద్దున జనమంతా ఒకచోటే గుమిగూడితే, ప్రసంగం ఆలోచించుకోవడానికి ఖాళీ చోటు వెతుక్కున్నారట. చేపలు లాగుతూనే ఉండటంతో ప్రసంగం ఒక్క ముక్క సాగలేదట. చోటు ఎక్కడంటే మాత్రం చెప్పలేకపోయారు. ఆయన కంటికి ఒడ్లన్నీ ఒకలాగే ఉన్నాయి.

"లంగరుతో పాటు ఇదీ వచ్చిందండీ," అంటూ జేబులోంచి కొమ్మ ముక్క తీశారు. దానికో తగరపు నక్షత్రం వేలాడుతోంది.

"అది మా అమ్మ నక్షత్రం," అంది ఎర్లీన్. "క్రిస్మస్ నుంచి ఇల్లంతా వెతుకుతున్నాను."

"చేప సరస్సుదే, కానీ చలవ ఫాదర్‌ది," అన్నాడు వర్జిల్. "విప్పు బావా."

నోరు విప్పితే చోటు పోతుంది. విప్పకపోతే ఏప్రన్ విప్పాలి. డెల్బర్ట్ కాగుతున్న నూనెను చూశాడు, చాపిన చేతిని చూశాడు.

"ఆ చెట్లు ముంచింది నేనే."

"ఎక్కడో చెప్పు మరి. రుజువు కావాలి కదా."

హాలు హాలంతా ఆకలి మరిచిపోయి వింటోంది.

"ఉత్తరపు పాయ," అన్నాడు డెల్బర్ట్. "కూలిన పడవరేవు పక్కన."

వర్జిల్ చేయి వెనక్కి తీసుకున్నాడు. డెల్బర్ట్ ముడి బిగించి మొదటి చేపను నూనెలో వదిలాడు.

ఆ తర్వాత శుక్రవారాల్లో ఆయనకు చేపల కోసం సరస్సు మీదికి వెళ్లే పని పడలేదు. ఆయన చోటు నుంచి తెచ్చేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.