మా ఊళ్ళో వాన రద్దు

మా ఊళ్ళో వానలు రద్దయినట్లు వాతావరణ కార్యాలయం వారు సగర్వంగా ప్రకటించారు. కారణం సైన్సే. ప్రయాణికుల విమానాలకు పరికరాలు బిగించి, పైనున్న గాలి వేడి, తేమ, వేగం వివరాలు ఎప్పటికప్పుడు కిందికి రప్పిస్తున్నారు. ఇంతవరకు ఒక్క విమానానికీ తుఫాను మబ్బు ఎదురుపడలేదు. కనుక మబ్బుల్లేవు. డైరెక్టరుగారికి ఘనంగా సన్మానం జరిగింది. “ప్రకృతి మన క్రమశిక్షణకు తలవంచింది!” అని ఆయన గర్జించారు. బయట ఉరిమింది. చప్పట్లనుకున్నాం.

డైరెక్టరుగారి బావమరిది ఇటుకల వ్యాపారి. పచ్చి ఇటుకలు బట్టీ పక్కన ఆరబెట్టుకున్నాడు. అవి తడిస్తే మళ్ళీ మట్టే, ఏడాది కష్టం నీళ్ళపాలే. పాపం, ఆకాశం చూసి బావకు ఫోన్ చేశాడు.

“బావా, మబ్బు కమ్ముకొస్తోంది. టార్పాలిన్లు కప్పమంటావా?”

“నీ కళ్ళకంటే మా విమానం ఎత్తున ఉంటుందిరా. హాయిగా పడుకో.”

హాయిగా పడుకున్నాడు. లేచేసరికి ఇటుకలు లేవు, మట్టి ఉంది. వాళ్ళక్క, అంటే డైరెక్టరుగారి భార్య, మొగుడితో మాటలు మానేసింది. ఆ ఇంట్లో స్టవ్ కూడా వెలగలేదు.

ఆకలి దెబ్బకు డైరెక్టరుగారి బుర్ర పనిచేసింది. పైలట్‌ను పిలిపించి, మబ్బు ఎందుకు ఎదురుపడలేదని నిలదీశారు.

“తుఫానులోకి ఎవరు దూరతారండీ? మబ్బు కనబడగానే పక్కనుంచి తిప్పుకుని పోతాం. ప్రయాణికులు తిన్నది కడుపులో ఉండొద్దూ?”

ఓరి దేవుడా, ఇంత చిన్న విషయం! అప్పటినుంచి విమానం ఎక్కడ దారి మళ్ళితే అక్కడ మబ్బున్నట్లు లెక్క వేశారు. సూచనలు అక్షరాలా నిజం కాసాగాయి. చినుకు కూడా చెప్పిన వేళకే పడింది.

ఊరు భగ్గుమంది. వాన పడుతుందని చెబితే బేరాలు పడిపోతున్నాయని దుకాణదారులు, పనివాళ్ళు రావడం లేదని మేస్త్రీలు, ఊరికే మనసు పాడవుతోందని మిగతావాళ్ళు. అందరం ఊరేగింపుగా వెళ్ళి, పొద్దున్నే అపశకునాలు పలకొద్దని మొరపెట్టుకున్నాం. నినాదాలిచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ప్రజాభీష్టం మేరకు ‘పొడి వాతావరణం’ పునరుద్ధరించారు.

అసలు సూచన మాత్రం ఆఫీసులో రోజూ తయారవుతూనే ఉంది. దాన్ని డైరెక్టరుగారి బంధుమిత్రులకు ఫోన్లో చెబుతారు. బావమరిది రెండో విడత ఇటుకలు చక్కగా ఆరి బట్టీకెక్కాయి. అక్క మళ్ళీ మొగుడితో మాట్లాడుతోంది. అంతా సుఖంగానే ఉన్నారు.

అన్నట్టు, మీకా ఆఫీసులో చుట్టాలెవరైనా ఉన్నారా? ఉంటే ఈ సాయంత్రం సంగతి కాస్త కనుక్కుని చెబుదురూ. మా ఆవిడ మేడ మీద పరుపులు ఎండేసింది.