మెడ వాయిదా పడిన స్వెటర్

పంతొమ్మిది వందల తొంభై ఆరో సంవత్సరం చలికాలంలో, దక్షిణాఫ్రికా దేశం, క్వాజులు-నాటాల్ రాష్ట్రం, డర్బన్ నగరం, గ్రీన్‌వుడ్ పార్క్ పేటలో తల పట్టని స్వెటర్ ఒకటి తయారై, సభాముఖంగా ఆవిష్కరింపబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. దేశమంతా రాజ్యాంగం రాసుకుంటున్న రోజుల్లో ఒక పేట స్వెటర్ అల్లుకోవడంలో వింతేమీ లేదు. రెండింటికీ ఉపసంఘాలు కావాలి, సవరణలు కావాలి, టీ కావాలి. రాజ్యాంగంలో తల దూర్చనవసరం లేదన్నదొక్కటే తేడా.

ఈ ఘనకార్యానికి మూలకారణం ఇందిర. బడిలో టైపింగ్ నేర్పి రిటైరైన మనిషి. ఆమె ముత్తాత కోస్తా ఆంధ్ర నుంచి ఓడెక్కి చెరుకు తోటల్లో కూలికి వచ్చాడు. ఆయన వెంట తెచ్చిన తెలుగులో ఇందిర వాటాకు మిగిలినవి దేవుడి పాటలు, కూరల పేర్లు, తిట్లు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆమె ఇంగ్లీషులోకి పోవలసిందే. కాబట్టి ఆ ఇంట్లో తెలుగు వినబడిందంటే ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకునేవి.

ఇందిరకు స్వెటర్లు అల్లడం పిచ్చి. డర్బన్‌లో చలికాలమంటే ఫ్యాను కాస్త తగ్గించి పెట్టుకునే కాలం. అయినా ఆమె ముప్ఫై ఏళ్ళుగా అల్లుతూనే ఉంది. స్వెటర్‌ను అక్కడివాళ్ళు జెర్సీ అంటారు. పుట్టినరోజుకు జెర్సీ, పరీక్ష పాసైతే జెర్సీ, తప్పితే ఓదార్పుగా జెర్సీ. బంధువులు తమ పుట్టినరోజులు దాచుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి చెప్పకుండా చెల్లెలింటికి వెళితే, తాను ఆరు నెలలు కూర్చుని జడల అల్లికతో చేసిన జెర్సీ మీద కుక్క పడుకుని ఉంది. ఇందిర టీ తాగి, ఇంటికి వచ్చి, గది తలుపేసుకుని ఏడ్చింది. ఆ కుక్క మాత్రం చాలా సుఖంగా ఉందని చెల్లెలు తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

ఓడల కంపెనీలో పనిచేసే కొడుకు ప్రివెన్ ఇంటికి కంప్యూటర్ తెచ్చింది ఈ దుఃఖకాలంలోనే. తల్లి తనకు ఇంకో జెర్సీ మొదలుపెట్టకుండా ఆపాలన్న సదుద్దేశంతో ఆమెను ఒక ఈమెయిల్ బృందంలో చేర్పించాడు. కెనడాలో డోరిస్ అనే ఆవిడ నడిపే బృందమది. ఒకరు ఉత్తరం రాస్తే నాలుగు వందల మంది అల్లికలవాళ్ళ ఇళ్ళకు ఒకేసారి చేరుతుంది. అందరూ మంచు కురిసే ఊళ్ళవాళ్ళు, అంటే స్వెటర్‌ను గౌరవించక తప్పని పరిస్థితిలో ఉన్నవాళ్ళు.

ఇందిర తన జెర్సీ భుజం ఫొటో ఒకటి పంపింది. మర్నాడు నార్వే నుంచి ఒకామె, ఇంత నున్నటి భుజం తన జన్మలో చూడలేదని రాసింది. ఇందిర ఆ వాక్యాన్ని కొడుక్కి చదివి వినిపించింది. పాలవాడికి చదివి వినిపించింది. ముప్ఫై ఏళ్ళ అల్లికకు వచ్చిన మొదటి మంచిమాట అది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే ఆమె ఎవరికీ దొరికేది కాదు. అరవై ఏళ్ళ వయసులో ఆమెకంటూ ఒక చోటు దొరికింది. ఆ చోటు పోతే తనకిక ఏమీ లేదని ఆమెకు తెలుసు.

తెలిసినదాన్ని మనసులో ఉంచుకుంటే ఈ కథ లేదు. ఒక పెళ్ళిలో మరిది ప్రెగ్గీతో చెప్పేసింది. ప్రెగ్గీ టైర్ల వ్యాపారి, గ్రీన్‌వుడ్ పార్క్ ఆంధ్ర ఐక్య వేదికకు అధ్యక్షుడు. విన్నవాడు చేతిలోని బిర్యానీ పళ్ళెం కింద పెట్టాడు. అంతటి సంఘటన అంతకుముందు జరగలేదు.

"వదినే, నాలుగు వందల మంది ఓవర్సీస్ మనుషులా? ఇది నీ ఒక్కదాని హాబీ కాదు. కమ్యూనిటీ ప్రాపర్టీ!"

"ఏటి కమ్యూనిటీ? నా జెర్సీ ఒక్కడైనా తొడిగినాడా?"

"తొడగడం వేరే, వదినే. రిప్రజెంటేషన్ వేరే."

ఈ తేడాను వివరించడానికి వేదిక అత్యవసర సమావేశం జరిపింది. సాంస్కృతిక సలహాదారు గిరిధరరావుగారు అధ్యక్షుని పక్కన కూర్చున్నారు. ఆయన విజయవాడ నుంచి రెండేళ్ళ కిందటే రేవులో ఇంజనీరుగా వచ్చినవారు. ఇక్కడివాళ్ళకు మన సంస్కృతి నేర్పే బాధ్యత ఎవరూ అప్పగించకుండానే స్వీకరించిన వినయశీలి.

"సోదర సోదరీమణులారా! ఊలు మనకు కొత్తది కాదు. కంబళి కప్పుకోని ఋషి ఎవరు? కనుక స్వెటర్ మూలతః ఆర్ష సంపద. పాశ్చాత్యులు దానికి చేతులు మాత్రమే తగిలించారు" అని ఆయన ప్రసంగించారు.

సభలో సగం మందికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుచేత చాలా భక్తిగా చప్పట్లు కొట్టారు.

కొత్త జెండాలోని ఆరు రంగులతో ఒక ఐక్యతా స్వెటర్ అల్లాలని, దాన్ని సాంస్కృతిక శాఖ అధికారికి తొడిగి, ఆ ఫొటో డోరిస్ బృందానికి పంపాలని తీర్మానించారు. ఐక్యతను కాపాడడానికి పనిని ముక్కలుగా పంచారు. ముందు భాగం ఇటీవల ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలకు. వెనక భాగం కూలీలుగా వచ్చినవారి సంతతికి. అంతే, ప్రెగ్గీ కుర్చీలోంచి లేచాడు.

"నూట ముప్ఫై ఏళ్ళు దాటింది మమ్మల్ని ఎనక నిలబెట్టి! బస్సులో ఎనక, పోస్టాఫీసులో ఎనక. ఇప్పుడు ఫ్రీడమ్ వచ్చినాక జెర్సీలో కూడా ఎనకేనా? ఐకోనా!"

ఐకోనా అంటే కుదరదని. అది గనుల నుంచి వంటిళ్ళ దాకా పాకిన మాట, ఆ దేశంలో అందరికీ అర్థమయ్యే ఏకైక తీర్మానం. అప్పుడు గిరిధరరావుగారు చరిత్రాత్మకమైన రాజీ ప్రతిపాదించారు. ఈ స్వెటర్‌కు ముందూ వెనకా ఉండవు. రెండూ ముందే. సభ ఆనందంతో లేచి నిలబడింది.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. స్వెటర్‌కు మెడ దగ్గర ముందు వైపు లోతు ఎక్కువగా, వెనక తక్కువగా తీస్తారు. మెడ పెట్టగానే ఏది వెనకో బయటపడిపోతుంది. రెండు వర్గాలూ తమ వైపే లోతు ఉండాలని పట్టుబట్టాయి. కొట్లాట తప్పించడానికి, తుది ఒప్పందం కుదిరేవరకు మెడను వాయిదా వేస్తూ తాత్కాలిక ఏర్పాటు ఆమోదించారు. భుజాలు రెండూ ఈ చివర నుంచి ఆ చివరకు కలిపి కుట్టేయాలని ఆదేశించారు.

ఇందిర లేచింది. "రెండు పక్కలా ఒకటే లోతు పెట్టండి. తిన్నగా, పడవలాగ. అలాటి మెడలు ఉన్నాయి. లేకపోతే తలకాయ ఎక్కడెడతారు, సెప్పండి!"

"అమ్మా, మీ భావోద్వేగం మేము అర్థం చేసుకోగలం. కానీ తల విషయం ఎజెండాలో లేదు" అన్నారు గిరిధరరావుగారు.

ఆయన భార్య కమలాదేవి ఇంటికి వెళ్ళాక ఇదే ప్రశ్న అడిగిందట. మగవాళ్ళు ఆలోచించే ఉంటారులే అని ఆమెకు జవాబు వచ్చింది.

ఆవిష్కరణ రోజున హాలు నిండిపోయింది. సాంస్కృతిక శాఖ అధికారి భారీ మనిషి, అంతకంటే భారీ ప్రసంగం జేబులో పెట్టుకుని వచ్చారు. పూలదండలు వేశాక స్వెటర్ తొడిగారు. చేతులు రెండూ చక్కగా దూరాయి. తల అక్కడే ఆగిపోయింది. ఆకుపచ్చ, పసుపు చారల కింద ఆయన ముక్కు ఆనవాలు ఇటూ అటూ దారి వెతుక్కోవడం మొదటి వరసలోవాళ్ళు చూశారు. అధికారి అనుభవజ్ఞుడు. పాత ప్రభుత్వంలోనూ కొత్త ప్రభుత్వంలోనూ అదే కుర్చీలో నిలిచినవాడు. తడబడకుండా ఊలు లోపలినుంచే ప్రసంగం మొదలుపెట్టారు.

"మ్మ్... మన ముందు... ఉజ్జ్వల భవిష్యత్తు... స్పష్టంగా కనబడుతున్నది..."

కరతాళధ్వనులు ఆగలేదు. ఆయనను బయటికి లాగేలోపు ఫొటోగ్రాఫర్ ఒక అద్భుతమైన ఫొటో తీశాడు. చేతులు బార్లా చాచిన, తల లేని, ఆరు రంగుల మనిషి.

ఆ ఫొటో గిరిధరరావుగారి సంతకంతో డోరిస్‌కు వెళ్ళింది. జవాబు చదివి వేదిక పులకించిపోయింది. "ఎంత లోతైన ప్రతీక! వ్యక్తి తల సమాజాన్ని మించి పైకి లేవకూడదన్న ఆఫ్రికా జ్ఞానం ఈ స్వెటర్‌లో ఉంది. మేము మెడలకు బానిసలం." వారం తిరక్కుండా నార్వేలో, కెనడాలో మెడ లేని స్వెటర్లు అల్లడం మొదలైంది. స్కాట్లాండ్‌లో ఒకామె దాన్ని తొడుక్కుని మెట్లు దిగబోయి కాలు విరగ్గొట్టుకుంది. నొప్పిలో కూడా తనకు ఐక్యత అనుభవమైందని బృందానికి రాసింది.

ఇందిర ఉండబట్టలేక టైపు చేసింది. "ఇది సంప్రదాయం కాదు, తగాదా. మెడ మర్చిపోలేదు, మానేశారు. దయచేసి మీరెవరూ అల్లకండి. కావలసినవాళ్ళు రెండు వైపులా ఒకే లోతుతో పడవ మెడ తీయండి."

డోరిస్ ఎంతో మర్యాదగా బదులిచ్చింది. ఇందిర తల గురించి పాశ్చాత్య దృష్టితో ఆలోచిస్తున్నదనీ, ఆఫ్రికా మహిళల తరఫున మాట్లాడడం భావ్యం కాదనీ రాసింది. ఇందిర పుట్టింది ఆఫ్రికాలో, ఆమె తల్లి పుట్టింది ఆఫ్రికాలో. డోరిస్ ఆఫ్రికాను చూసింది క్యాలెండర్ మీద. ఇకపై గ్రీన్‌వుడ్ పార్క్ నుంచి వచ్చే ఉత్తరాలన్నీ అధికారిక ప్రతినిధి రావుగారి ద్వారానే రావాలని నిర్ణయమైంది. ఇందిర పేరు జాబితా నుంచి తీసేశారు.

మర్నాడు భోజనం చేసి ఆమె అలవాటుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్క ఉత్తరం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సూదులు ముట్టుకోబుద్ధి కాలేదు. కుక్క పడుకున్న జెర్సీని చూసినప్పటికంటే ఇది ఎక్కువ బాధించింది. కుక్క కనీసం దాని మీద పడుకుంది కదా అనుకుంది.

మూడో రోజు కొత్త ఈమెయిల్ అడ్రసు ఒకటి పుట్టింది. ఎడిన్‌బరో నివాసి, ఊలు దుస్తుల చరిత్రలో పరిశోధకురాలు డాక్టర్ లొరెయిన్ తనను బృందంలో చేర్చుకోమని కోరింది. డాక్టర్ అని చూడగానే డోరిస్ చేర్చుకుంది. లొరెయిన్ ఇందిర రాసిన వాక్యాలనే మళ్ళీ రాసింది. ముందు మాత్రం "నా పరిశోధన ప్రకారం" అని చేర్చింది.

ఆ సాయంత్రానికి బృందం కళ్ళు తెరుచుకున్నాయి. ఇంత సూక్ష్మమైన విషయం తమకు తట్టనందుకు నాలుగు వందల మంది సిగ్గుపడ్డారు. గ్రీన్‌వుడ్ పార్క్‌లో గిరిధరరావుగారు ఆ ఉత్తరాన్ని నిలబడి చదివారు, సభ నిలబడి విన్నది. రెండు వైపులా సమాన లోతు అన్న మహత్తర ఆలోచన మనవాళ్ళలో ఒక్కరికైనా రాలేదే అని ఆయన వాపోయారు. మెడ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇందిర కూడా చెయ్యెత్తింది.

తర్వాత ప్రెగ్గీ ఆమె ఇంటికి వచ్చాడు. "వదినే, ఆ డాక్టర్‌ని చీఫ్ గెస్ట్‌గా పిలిచినాం. ఒంట్లో బాగాలేదంట, రాలేనన్నదంట. పాపం, ఎంత పొలైట్ లెటర్ అనుకున్నావు! ఒక లెక్కర్ జెర్సీ అల్లి పంపాల. నువ్వే అల్లాల."

లెక్కర్ అంటే మంచిదని. మంచి జెర్సీ కావాలంటే ఆ పేటలో ఇంకెవరి దగ్గరికి పోవాలో అతనికి తెలియకపోలేదు. ఇందిర మనసు ఒక్క క్షణం పొంగింది.

"ఏం సైజు?" అంది. అతను తల గోక్కున్నాడు. "నా సైజే ఉంటాది లే" అంది ఆమె.

ప్రెగ్గీ పడీ పడీ నవ్వాడు. "నీ సైజా? ఆవిడ ఓవర్సీస్ డాక్టర్, వదినే! రెండు సైజులు పెద్దది అల్లు."

ఇందిర రెండు సైజులు పెద్దదే మొదలుపెట్టింది. నిజం చెప్పెయ్యమని ప్రివెన్ పోరు పెట్టాడు. చెబితే ఎవరు నమ్ముతారని ఆమె కసిరింది, తెలుగులోనే. అదీ నిజమే. కానీ అసలు సంగతి వేరు. లొరెయిన్‌కు రోజుకు వచ్చినన్ని జవాబులు ఇందిరకు ఏడాదిలో రాలేదు. లొరెయిన్ ఒక్క మాట అంటే నార్వే ఊలు రంగు మార్చేది.

ఆ నెలాఖరున డోరిస్ డాక్టర్ లొరెయిన్‌కు విడిగా ఉత్తరం రాసింది. గ్రీన్‌వుడ్ పార్క్‌లో ఇందిర అనే ఒకామె ఉండేదనీ, ఆమె కూడా అప్పట్లో పడవ మెడ గురించి ఏదో రాసినట్టు గుర్తనీ, ఆమెను మళ్ళీ చేర్చుకోవచ్చా అనీ అడిగింది. నిర్ణయం డాక్టర్‌గారికే వదిలేస్తున్నానంది.

ఇందిర కళ్ళద్దాలు తుడుచుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది. చాలాసేపు ఆలోచించి డాక్టర్ లొరెయిన్ జవాబు టైపు చేసింది. "ఆమె చెయ్యి మంచిదే. అయితే స్థానికురాలు కదా, ఇంకా నేర్చుకోవలసింది ఉంది. కొన్నాళ్ళు ఆగడం మంచిది." రెండుసార్లు చదువుకుంది. అందులో తప్పేమీ కనబడలేదు. పంపించేసి, ఊలు ఉండ చేతిలోకి తీసుకుంది.